చెప్పకుండా దాటిన గడప

షూ స్టాండు వరండాలోకి జరపడం దగ్గర మొదలైంది గొడవ.

"లోపలే ఉండనీ," అంది తన్మయి. "వచ్చేవాళ్ళకి చెప్పులెక్కడ విప్పాలో మనం చెప్పాలా?"

"వాళ్ళకోసం కాదు. మన బూట్లు హాల్లో ఎదురుగా కనపడకూడదని." హెలెనా ఒంగి స్టాండుని ఈడుస్తూనే ఉంది. "ఆవిడింట్లో మనం బయటే విప్పి, కాళ్ళు కడుక్కుని మరీ లోపలికెళ్ళాం. అప్పుడే మర్చిపోయావా?"

'ఆవిడ' అన్న మాట వినగానే తన్మయి చేతిలో తడిగుడ్డ ఆగిపోయింది.

"మధ్యలో ఆవిడెందుకొచ్చింది? వచ్చేది ఆరిఫ్ కదా. చెల్లెలి సామాను తీసుకెళ్ళడానికి."

స్టాండు కాలు గుమ్మానికి అడ్డం పడితే హెలెనా ఎత్తి అవతల పెట్టింది. చేతులు దులుపుకుంది. అప్పుడు చెప్పింది, మొహం ఇటు తిప్పకుండానే.

"ఇబు కూడా వస్తోంది. వీసా వచ్చిందట. నిన్న మెసేజ్ పెట్టాడు ఆరిఫ్."

"నిన్న పెడితే ఇప్పుడా చెప్పడం?"

"నిన్న చెప్తే ఈపాటికి నువ్వు సిడ్నీలో ఉండేదానివి. రౌస్ హిల్‌లో మీ బాబాయి గుర్తొచ్చేవాడు."

తన్మయికి కోపం రాలేదు. కోపం రావాల్సిన చోట ఏదో ఖాళీగా, చల్లగా తగిలింది. హెలెనా అన్నది నిజమే. తను వెళ్ళిపోయేది.

ఇబు అంటే అమ్మ. జావా దీవిలో పెకలోంగన్ అనే ఊళ్ళో అందరూ తల్లుల్ని అలాగే పిలుస్తారు. ఆవిడ కూతురు రత్నసారి మెల్‌బోర్న్ క్లేటన్‌లోని ఈ ఇంట్లో రెండేళ్ళు తమతో ఉంది. ఆ మూలగది ఆమెది. నవంబర్లో ఆమె పోయినప్పటినుంచి ఆ గది తలుపు వేసే ఉంది.

మొదటిరోజు గది చూడడానికి వచ్చి పేరు చెబితే, ముస్లిం అమ్మాయికి రత్న ఏమిటని ఇద్దరూ ఆశ్చర్యపోయారు. మా అక్క పేరు దేవి, మా మేనత్త పేరు విద్యావతి అని చెప్పి వాళ్ళకంటే ఎక్కువ నవ్వింది ఆ పిల్ల. తర్వాత బాత్రూమ్ చూస్తానని వెళ్ళింది. అక్కడ టాయిలెట్ పక్కన ఆకుపచ్చ ప్లాస్టిక్ మగ్గు కనపడింది. బయటికొచ్చి, ఇంకే ఇల్లూ చూడక్కర్లేదంది. మెల్‌బోర్న్‌లో మగ్గు ఉన్న ఇల్లు దొరకడం తన అదృష్టమంది.

ఆ మగ్గు ఇప్పటికీ అక్కడే ఉంది. దాన్ని మార్చేద్దామని హెలెనా ఒకసారి అంటే తన్మయి మార్చనివ్వలేదు. ఎందుకో చెప్పలేదు.

"నేను లైబ్రరీకి వెళ్తాను," అంది ఇప్పుడు. "సెమిస్టర్ మొదలవబోతోంది. రీడింగ్స్ ఉన్నాయి."

"వెళ్ళవు."

"వెళ్తే?"

"వెళ్తే నేను ఆవిడకి అబద్ధం చెప్పను తనూ. మీరొస్తున్నారని తెలిసే వెళ్ళిపోయిందని చెప్తాను. ఒకసారి నీకోసం అబద్ధం ఆడాను. చాలు."

వంటింట్లో వాషింగ్ మెషీన్ చివరి తిరుగుడులో ఉండి దడదడమంటోంది. ఏదైనా తట్టిన చప్పుడైతే చాలు, తన్మయి మెడ బిగుసుకుంటుంది. ఈ సంగతి హెలెనా గమనించిందో లేదో తెలియదు. తన్మయి తన గది తలుపు వేసుకోవడం మానేసిందని మాత్రం గమనించింది. భయమా అని అడిగింది కూడా. గాలికోసమంది తన్మయి.

హెలెనా ఆడిన అబద్ధం పెకలోంగన్‌లోది.

రత్న పోయిన నలభయ్యో రోజుకి రమ్మని ఇబు కబురు పెట్టింది. సెలవులే కాబట్టి ఇద్దరూ వెళ్ళారు. ఎలా మసలుకోవాలో ఆరిఫ్ ముందే ఫోన్‌లో చెప్పాడు. విమానంలో హెలెనా అవన్నీ వైవాకి వెళ్ళేదానిలా వల్లె వేసుకుంది. చేతులు పూర్తిగా కప్పుకోవాలి, తలమీద గుడ్డ వేసుకోవాలి, ఇచ్చినా పుచ్చుకున్నా కుడిచెయ్యే, పెద్దవాళ్ళ చెయ్యి అందుకుని నుదుటికి ఆనించుకోవాలి, పెట్టింది కాదనకూడదు.

తన్మయి నవ్వింది అప్పుడు. ఇందులో కొత్తేముందంది. ఏలూరులో తన అమ్మమ్మ నేర్పిందీ ఇదేగా అంది. ఎడమచేత్తో ప్రసాదం పట్టినందుకు దెబ్బ తిన్న చెయ్యి ఇంకా గుర్తుందంది. కాళ్ళు కడుక్కోవడం, పెద్దలముందు కాళ్ళు చాపకపోవడం, అన్నీ మనవే అంది. అంత ధీమాగా ఉంది.

అన్నీ మనవే అనుకున్న మనిషికి, మనది కానిది ఎక్కడ మొదలవుతుందో కనపడదు.

గోడలకి లేత ఆకుపచ్చ రంగు వేసిన చిన్న ఇల్లు. నేలంతా చాపలు. ఊరి ఆడవాళ్ళు చాపలమీద సర్దుకుని కూచుని ప్రార్థనలు చదివారు. ఆ చదువు ఒక్క గొంతులా సాగి, తగ్గి, మళ్ళీ లేచింది. అది అయ్యాక గ్లాసుల్లో తీపి టీ వచ్చింది. హెలెనా తాగింది. తన్మయి గ్లాసు అందుకుని పక్కన పెట్టింది. అన్నం, కోడికూర, వేయించిన టోఫూ వచ్చాయి. హెలెనా తింది. తన్మయి తినడానికి చెయ్యే కడుక్కోలేదు.

అప్పుడు ఇబు వచ్చి ఇద్దరి ఎదుటా కూచుంది. ఆవిడ మాటల్ని ఆరిఫ్ ఇంగ్లిష్‌లో చెబుతూ వచ్చాడు.

పాతిపెట్టే ముందు ఇమాం అక్కడున్న వాళ్ళని అడుగుతాడట, ఈ మనిషి ఎలాంటిదని. అందరూ మంచిది అనాలి. ఆ సాక్ష్యం పోయినవాళ్ళ వెంట వెళ్తుందట. ఊరంతా చెప్పింది. కానీ చివరి రెండేళ్ళూ దానితో ఒక కప్పు కింద ఉన్నది మీరిద్దరే. మీ నోటినుంచి వినాలని ఉంది.

"నా బిడ్డ మంచిదేనా?"

హెలెనా వాళ్ళ భాషలోనే చెప్పింది, ముందే నేర్చుకున్నట్టు. బాయిక్. మంచిది. ఆడవాళ్ళంతా ఒక్కసారి ఊపిరి వదిలారు. ఇబు తల తన్మయి వైపు తిరిగింది.

ఒక్క మాట. అందులోనూ నిజమైన మాట. రత్నకంటే మంచిదాన్ని తన్మయి ఎరగదు.

నాలుక లేవలేదు. ఇబు కళ్ళు తన మొహంమీద ఏదో వెతుకుతున్నాయి. తన్మయి లేచింది. చాపల మధ్యనుంచి నడిచింది. గడప దాటి, చెప్పులు వేసుకుని సందులోకి వెళ్ళిపోయింది. సలాం చెప్పలేదు, వస్తానని చెప్పలేదు. వెనకనుంచి ఎవరో వస్తున్న అడుగులు వినపడ్డాయి. ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ ఇచ్చే అన్నం పెట్టె పట్టుకుని ఇబు స్వయంగా సందు మలుపుదాకా వచ్చిందట. తన్మయి వెనక్కి తిరిగి చూడలేదు.

రెండు పెట్టెలూ హెలెనా తెచ్చింది. తన్మయికి ఒంట్లో బాగాలేదని చెప్పి వచ్చింది.

"మాకు చావింట్లో తినరు," అంది తన్మయి ఇప్పుడు, అదే మాట ఎన్నోసారో. "వెళ్ళేటప్పుడు చెప్పరు. వెనక్కి చూడరు. నేను కావాలని చేసింది కాదు. అలవాటు."

"మాకూ చెప్పరు తెనాల్లో. చర్చికెళ్ళే ఇళ్ళల్లోనూ చావింటినుంచి చెప్పకుండానే వస్తారు. కానీ అది మన అలవాటని ఆవిడకేం తెలుసు? ఆవిడకి కనపడింది వేరు."

"ఏం కనపడింది?"

హెలెనా గోడకి ఆనుకుంది. గొంతు పెంచలేదు.

"గ్లాసు అందుకుని పక్కన పెట్టడం కనపడింది. నీళ్ళు ముట్టకుండా లేచిపోవడం కనపడింది. అదెలా ఉంటుందో నాకు చెప్పకు తనూ. మా నాన్నమ్మ ఇంటికి వచ్చి, అరుగుమీద కూచుని, దాహం లేదని చెప్పి వెళ్ళిన పెద్దమనుషుల్ని నేను చిన్నప్పుడు చాలామందినే చూశాను. వాళ్ళదీ అలవాటే."

తన్మయి మొహంలోకి రక్తం పొంగింది. "నేను అలాంటిదాన్ని కాదని నీకు తెలుసు."

"నాకు తెలుసు. ఆవిడకి తెలియదు. అందుకే మళ్ళీ అడగడానికి వస్తోంది." హెలెనా ఆగి, మెల్లగా అంది. "సామాను ఆరిఫ్ ఒక్కడూ తీసుకెళ్ళగలడు. ఆవిడ సామానుకోసం రావట్లేదు. తన కూతురిలో ఏం తప్పు చూసిందో ఆ అమ్మాయి, నోరు విప్పలేకపోయింది అనుకుంటోందట. నిద్రపోవట్లేదట. ఆరిఫ్ రాశాడు."

వాషింగ్ మెషీన్ ఆగిపోయింది. ఇల్లు ఒక్కసారి పెద్దదైనట్టయింది.

"ఒక్క మాట చెప్పెయ్. అంత మంచి పిల్లని మంచిదని చెప్పడానికి ఏం కష్టం నీకు?"

తన్మయి బట్టలు తియ్యడానికి వెళ్ళింది. ఆ ప్రశ్న అక్కడే హాల్లో నిలబడి ఉంది.

కాసేపటికి హెలెనా సంచీ తీసుకుని క్లేటన్ రోడ్డుకి బయల్దేరింది. హలాల్ షాపులో కోడి, కాసిని ఖర్జూరాలు కొనుక్కొస్తానంది. వంటకి ఎప్పుడూ వాడే గిన్నెలు కాకుండా రత్న గిన్నెలే తియ్యమంది. వాళ్ళ ఫ్లైట్ ఆలస్యమట, తను వచ్చేసరికి కూడా రారంది. గేటుదాకా వెళ్ళి తిరిగి చూసింది.

"పారిపోకు."

తన్మయి తల ఊపింది.

ఒక్కతే అయ్యాక రత్న గది ముందుకి వెళ్ళి నిలబడింది. తలుపు తియ్యలేదు. ఈ ఇంట్లో అన్ని తలుపులూ ఒకలాంటివే, పల్చటి తెల్ల చెక్క. వేలి కణుపుతో తడితే ఖాళీ డబ్బా మీద కొట్టినట్టు మోగుతుంది.

జావానుంచి వచ్చాక అమ్మ లీలకి ఫోన్ చేసింది ఓసారి. చావింటినుంచి చెప్పకుండా ఎందుకొస్తారని అడిగింది. లీల ఏదో గిన్నె తోముతూ చెప్పింది. వెళ్ళొస్తానంటే మళ్ళీ రావాలి కదా, ఆ పనిమీద మళ్ళీ ఆ ఇంటికి ఎవరూ రాకూడదని అలా. ఆ ఇంటివాళ్ళు ఏమీ అనుకోరా అంటే, ఎందుకనుకుంటారే అమ్మడూ, వాళ్ళకీ తెలుసుగా అంది.

తెలిసినవాళ్ళ మధ్య మౌనం మర్యాద. తెలియనివాళ్ళ ముందు అదే మౌనం ఏమవుతుందో లీల చెప్పలేదు.

కానీ తన్మయి అడగాలనుకున్నది అది కాదు. ఆ రోజు తనని చాపమీదనుంచి లేపింది అమ్మమ్మ నేర్పిన ఆచారమేనా? లేక ఆచారం దొరికింది కాబట్టి దాని వెనక దాక్కుందా? ఈ రెండింటినీ విడదియ్యాలని ఎన్నిసార్లు కూచున్నా విడిపోవు. రెండు తడి కాగితాల్లా అంటుకుని ఉంటాయి. లాగితే చిరుగుతాయి.

పెకలోంగన్‌లో ఇంటి గుమ్మం దగ్గర ఆరిఫ్ ఒక మాట చెప్పాడు. హెలెనా దాన్ని విని మర్చిపోయింది.

లోపలికి వెళ్ళబోతుంటే వాళ్ళిద్దర్నీ ఆపాడు. ముందు సలాం చెప్పి తట్టాలి. పలక్కపోతే కాస్త ఆగి రెండోసారి. అప్పటికీ పలక్కపోతే మూడోసారి. ఆ తర్వాత కూడా జవాబు రాకపోతే తిరిగి వెళ్ళిపోవాలి, నాలుగోసారి తట్టకూడదు. లోపలివాళ్ళు ఉండీ తియ్యకపోయినా తప్పు పట్టకూడదు, మనసులో కూడా ఏమీ పెట్టుకోకూడదు. అదంతా చెప్పి నవ్వాడు. రత్నకి చిన్నప్పుడు ఇబు ఇది ఎంత గట్టిగా నేర్పిందంటే, అది సొంత అక్క గదికి వెళ్ళినా అలాగే చేసేదన్నాడు.

అప్పుడు కదిలింది తన్మయి కాళ్ళ కింద నేల. లోపల ఇబు అడిగిన ప్రశ్నకి చాలా ముందే.

నవంబర్లో రత్నకీ తనకీ మాటల్లేవు. కారణం బాత్రూమ్ నేల. నమాజుకి ముందు కాళ్ళు కడుక్కుని రత్న నేలంతా తడి చేస్తోందని తన్మయి సణిగేది. ఒకరోజు యూనివర్సిటీ స్నేహితులు వచ్చి ఉండగా వాళ్ళందరి ముందూ అంది, ఇది మీ ఊరు కాదు అని. రత్న మొహం చిన్నబుచ్చుకుని వెళ్ళి తుడిచింది. తప్పు తనదని తన్మయికి తెలుసు. తెలియడంవల్లే మాట్లాడలేకపోయింది. మర్నాటినుంచి రత్నే పలకరించింది. అరటిపండు వేయించి ప్లేటులో పెట్టి తలుపు దగ్గర ఉంచింది. తన్మయి ఆ ప్లేటు దాటుకుని వెళ్ళింది.

తర్వాత ఆ తుఫాను సాయంత్రం. ఇక్కడ ఎండాకాలం వచ్చే రోజులవి, పొద్దున్నించీ వడగాలి, ఆపైన ఉన్నట్టుండి ఉరుములు. గడ్డి పుప్పొడినంతా వానగాలి నూరి ఊరిమీద చల్లింది. రత్నలా ఆస్త్మా ఉన్నవాళ్ళకి అది ఎంత ప్రమాదమో తర్వాత డాక్టర్లు చెప్తే తెలిసింది. హెలెనా షిఫ్టుకి వెళ్ళింది. తన్మయి గదిలో అసైన్‌మెంట్ రాసుకుంటోంది.

తలుపు చప్పుడైంది.

రత్న అని తెలుసు. రాజీకి వచ్చిందనుకుంది. కాసేపు ఆగనీ అనుకుంది.

మళ్ళీ చప్పుడైంది. పేరు పెట్టి పిలవకపోవడం వింతగా తోచింది. పిలిచే ఊపిరి లేదని ఎలా తెలుస్తుంది?

మూడోసారి తట్టి, ఆగి, అడుగులు వెళ్ళిపోయాయి. వీధి తలుపు మూసుకుంది. తన్మయి పెదాలమీదకి చిన్న నవ్వు వచ్చింది. గెలిచినట్టు.

రోడ్డు చివర క్లినిక్‌కి నడిచి వెళ్దామనుకున్నట్టుంది రత్న. బస్టాపు బెంచీదాకానే వెళ్ళగలిగింది. చేతిలో ఆస్త్మా మందు పీల్చే పఫర్ ఉంది, ఖాళీది.

తను ఇంట్లో లేనని తన్మయి ఎవరికీ చెప్పలేదు. ఉన్నానని కూడా చెప్పలేదు. ఎవరూ అడగలేదు. అన్నాళ్ళూ ఒక ఊరట ఉండేది, మరోసారి తట్టి ఉంటే తీసేదాన్ని కదా అని. అంత అవసరమైతే ఇంకోసారి తట్టేది కదా అని. ఆరిఫ్ గుమ్మంలో నవ్వుతూ చెప్పిన మాట ఆ ఊరటని లాగేసింది. నాలుగోసారి తట్టడం ఆ పిల్లకి నేర్పలేదు. నేర్పిన తల్లి లోపల చాపమీద కూచుని, నా బిడ్డ మంచిదేనా అని అడుగుతోంది.

మంచిది అనాలంటే, ఎంత మంచిదో చెప్పాలి.

వీధి తలుపు చప్పుడైంది.

తన్మయి ఉలిక్కిపడింది. హెలెనా దగ్గర తాళం ఉంది. హెలెనా తట్టదు.

"అస్సలాము అలైకుమ్," అంది ఒక ఆడగొంతు. అలిసిన గొంతు, మెత్తగా.

తలుపు పక్కన ఉన్న గరుకు అద్దంలోంచి రెండు నీడలు కనపడుతున్నాయి. ఒకటి పొడుగ్గా, ఒకటి పొట్టిగా, తలమీద గుడ్డతో. ఫ్లైట్ ఆలస్యం కాలేదన్నమాట. తన్మయి హాలు మధ్యలో నిలబడింది. కాళ్ళు ముందుకి పడలేదు.

రెండోసారి తట్టిన చప్పుడు. మళ్ళీ సలాం.

ఆ క్షణంలో ఆలోచన ఎంత స్పష్టంగా వచ్చిందంటే, దాన్ని చూసి తనకే భయమేసింది. కదలకుండా ఉంటే చాలు. మూడోసారి తట్టి వెళ్ళిపోతారు. కోపం తెచ్చుకోరు, మనసులో పెట్టుకోరు. వాళ్ళ మర్యాదే తనని కాపాడుతుంది. ఏ హోటల్లోనో ఉండి, రేపు హెలెనా ఉన్నప్పుడు సామాను పట్టుకెళ్తారు. ఆ ప్రశ్న ఈ ఇంట్లోకి రాదు.

మూడోసారి.

వేలి కణుపుతో తట్టినట్టుంది. కూతురికి తట్టే తీరు కూడా తల్లినుంచే వచ్చింది. తర్వాత కాస్త విరామం. పొడుగు నీడ అద్దంలోంచి తప్పుకుంది. సూట్‌కేస్ చక్రాలు గచ్చుమీద వెనక్కి దొర్లాయి. పొట్టి నీడ ఒంగింది. చెప్పుల సవ్వడి.

ఈ చప్పుడు తన్మయికి తెలుసు. వెళ్ళిపోయే చప్పుడు.

తలుపు ఎలా తీసిందో తర్వాత గుర్తులేదు. వెలుతురు మొహాన కొట్టింది. ఆరిఫ్ గేటు దగ్గర ఫోన్ చెవికి పెట్టుకుని ఉన్నాడు. ఇబు షూ స్టాండు పట్టుకుని, విప్పిన చెప్పుల్లో ఒక కాలు మళ్ళీ దూరుస్తోంది.

"వఅలైకుమ్ సలామ్," అంది తన్మయి.

ఇబు తల ఎత్తింది. ఆవిడ మొహం విప్పారింది. వచ్చిన నాలుగు ఇంగ్లిష్ ముక్కల్నీ కూడబలుక్కుని, ఇంట్లో ఎవరూ లేరనుకున్నాను అంది.

"ఉన్నాను ఇబూ. లోపలే ఉన్నాను." తన్మయి గొంతు తనది కానట్టుంది. ఆగితే ఇక ఎప్పటికీ చెప్పలేనని తెలిసి ఆగలేదు. "రత్న చివరిరోజు నా తలుపు తట్టింది. మూడుసార్లు తట్టింది. అప్పుడు కూడా లోపలే ఉన్నాను."

అంత ఇంగ్లిష్ ఇబుకి అందలేదు. అందులో ఒక్క పేరు అందింది. రత్న అని వినగానే ఆవిడ కళ్ళు తడిసి మెరిశాయి, ఇన్నాళ్ళూ ఎదురుచూసిన మంచి మాట వచ్చేసిందన్నట్టు. నవ్వుతూనే గేటు వైపు తిరిగి కొడుకుని అడిగింది, ఏమంటోంది ఈ పిల్ల అని.

ఆరిఫ్ చేతిలో ఫోన్ మెల్లగా కిందికి దిగింది.

అవతల హెలెనా హలో, హలో అంటోంది. అతను తన్మయినే చూస్తున్నాడు. ఇబు ఒక కాలు చెప్పులో, ఒక కాలు గచ్చుమీద ఉంచి, కొడుకు నోటివంక చూస్తూ అలాగే నిలబడి ఉంది. ఆ నవ్వు ఆవిడ మొహంమీద ఇంకా ఉంది.